కత్తిరించిన బ్యాడ్జి

అన్యాయం జరిగింది ఎవరికి? నా మనవరాలు మధుమితకు. చేసినవారెవరు? ఆమెను కన్న తల్లిదండ్రులు. ఏ విధంగా? ఆమె బతుకులోంచి ఏడాదిన్నర కాలాన్ని కత్తిరించి పారేసి, ఆ ఖాళీలో తమకు నచ్చిన కథ ఒకటి అతికించి, తెలుగువాళ్ళందరికీ తిప్పి చూపించారు. ఈ సంగతులు మొదటే చెబుతున్నాను. చదివేవారు నా కొడుకు మీద జాలిపడటం మొదలుపెట్టాక చెబితే వినేవారుండరు.

ఇంకొకటి కూడా ముందే చెప్పాలి. మధుమిత చేసిన పని నాకు నచ్చలేదు. ఇక్కడి వాటర్లూ యూనివర్సిటీలో ఇంజనీరింగు చదువుతూ ఆమె మోర్మన్ అనే క్రైస్తవ శాఖ చర్చిలో చేరింది. మరుసటి ఏడు చదువుకు విరామమిచ్చి, ఆ చర్చి పంపగా, ప్రచారకురాలిగా జపాన్ వెళ్ళింది. నేను హనుమకొండలో కాన్వెంటులో చదువుకున్నదాన్ని. మా తాత నరకానికి పోతాడని ఒక సిస్టర్ నాకు మూడో తరగతిలో చెప్పింది. ఆనాటి నుంచి, పరాయివారి తలుపు తట్టి దేవుణ్ణి మార్చుకొమ్మనేవారంటే నాకు గిట్టదు. అదే సిస్టర్ అబద్ధమాడితే అరచేతుల మీద స్కేలుతో కొట్టేది. ఆ రెండో పాఠాన్ని మాత్రం నేను ఇప్పటికీ వదులుకోలేదు.

వాటర్లూలో పిల్లలు చదువు మధ్యలో నాలుగేసి నెలలు కంపెనీల్లో పనిచేసి వస్తారు. దాన్ని కోఆప్ అంటారు. మధు విమానమెక్కిన వారంలోనే నా కోడలు విద్య ఫోనులో ఎవరితోనో, “కోఆప్‌కి జపాన్ వెళ్ళిందండీ, రోబోటిక్స్” అనడం విన్నాను. నాలుగు నెలలు గడిచేసరికి ఆ కోఆప్‌ను కంపెనీ పొడిగించింది. మరి కొన్నాళ్ళకు అది రీసెర్చ్ అయింది. మనిషికి రాని ప్రమోషన్లన్నీ అబద్ధానికి వచ్చాయి.

మధు ప్రతి ఆదివారం సాయంత్రం వీడియో కాల్ చేసేది. అక్కడ అప్పటికి సోమవారం ఉదయం, వాళ్ళకు ఆటవిడుపు. పొడవాటి స్కర్టు, చలికోటు, కోటు మీద పేరు రాసిన నల్ల బ్యాడ్జి. ఆమె పంపిన ఫొటోలను విద్య తెలుగు సమితి వాట్సాప్ గ్రూపులో పెట్టేది. పెట్టేముందు వేలితో జరిపి జరిపి, బ్యాడ్జి పైవరకు కత్తిరించేది. మెడ దాకా నా మనవరాలు, వెనక చెర్రీ పూలు, కింద వరుసగా చప్పట్ల బొమ్మలు.

“కత్తిరిస్తే ఏమైంది అత్తయ్యా? మొహం కనపడుతోందిగా” అన్నది విద్య.

“రామూ, ఇది అబద్ధం” అన్నాను కొడుకుతో.

“అబద్ధం కాదమ్మా. ప్రైవసీ” అన్నాడు కోదండరామ్.

వాడి ఇబ్బంది వాడిది. ఊరి వెలుపల గుడి కట్టడానికి సమితి స్థలం కొన్నది. ఆగస్టులో జరిగే వార్షికోత్సవంలో నిర్మాణ కమిటీకి అధ్యక్షుణ్ణి ప్రకటిస్తారు. ఆ పదవి తనదేనని వాడు నమ్మకంగా ఉన్నాడు. కూతురు జపాన్ వీధుల్లో క్రీస్తును బోధిస్తూ తిరుగుతోందని తెలిస్తే గుడి కట్టే పని ఎవరిస్తారన్నది వాడి భయం. భయం నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఒప్పు కాదు.

*

జూన్ నెలలో మధు తిరిగి వచ్చింది. వచ్చిన సాయంత్రమే చర్చి పెద్ద దగ్గరకు వెళ్ళి బాధ్యత అప్పగించి, బ్యాడ్జి తీసి చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చింది. మనిషి చిక్కింది. నడక మారింది. పక్కన ఇంకొకరు ఉన్నారనుకుని జరిగి చోటిస్తున్నట్టు నడిచేది. ఏడాదిన్నరపాటు తోటి ప్రచారకురాలి జంట లేకుండా గడప దాటలేదట.

మర్నాడు తెల్లవారి నేను ఫిల్టరు దించేసరికి స్నానం చేసి, జడ వేసుకుని వంటింట్లోకి వచ్చింది.

“కాఫీ తాగను నానమ్మా.”

“టీ పెట్టనా?”

“అదీ తాగను. మా చర్చిలో రెండూ తాగకూడదు.”

“జపాన్‌లో ఎట్లా నెగ్గుకొచ్చావే?”

“అయ్యో, అక్కడ ఇంకా కష్టం. ఎవరింటికెళ్ళినా గ్రీన్ టీ ఇస్తారు. వద్దంటే పాపం వాళ్ళ మొహం చిన్నబోయేది. కొంతమంది మా కోసం బార్లీ కాచి పెట్టేవాళ్ళు.”

తల్లిదండ్రులతో ఆమె ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. నా చేతుల మీద పెరిగింది కనుక నాతో తెలుగు. కాఫీ వద్దన్న మనవరాలి ముందు కూర్చుని ఒక్కదాన్నే తాగాను. రుచించలేదు.

వెళ్ళబోతూ నా చేతిలో బ్యాడ్జి పెట్టింది. “ఇది నీ దగ్గర దాచు. మమ్మీ పారేస్తుంది.”

నల్లటి చిన్న పలక. తెల్లని జపాన్ అక్షరాలు.

“ఏమని రాసుంది?”

“తాటికొండ షిమాయ్. అంటే సిస్టర్ తాటికొండ.”

మా ఇంటిపేరుకు ముందు సిస్టర్ అన్న మాట వింటానని నేనెన్నడూ అనుకోలేదు. ఆ బ్యాడ్జిని కళ్ళద్దాల పెట్టెలో అడుగున పెట్టాను. ఆ పెట్టెను ఈ ఇంట్లో నేను తప్ప ఎవరూ ముట్టరు.

*

పెరట్లో గోంగూర ఏపుగా వచ్చిన రోజులవి. ఒక మధ్యాహ్నం ఇద్దరం వెనక చెక్క డెక్ మీద కూర్చుని ఆకు తుంచుతుండగా నేను విచారణ మొదలుపెట్టాను.

“ఎంతమందిని మార్చావు?”

“ఒక్కరిని. ఆమె కూడా తర్వాత చర్చికి రావడం మానేసింది.”

“దీనికోసమా ఏడాదిన్నర?”

కోప్పడుతుందనుకున్నాను. ఆకు తుంచుతూనే ఉంది. “మొదటి నెలంతా ఏడ్చాను నానమ్మా. అక్కడ తలుపు మొహం మీద వేయరు. వంగి, దండం పెట్టి, సారీ చెప్పి, చాలా మెల్లగా వేస్తారు. అది ఇంకా బాధ. కొందరు నన్ను చూసి కర్రీ చేయడం నేర్పిస్తానేమోనని లోపలికి పిలిచారు.”

“నేర్పావా?”

“నేర్పాను. వంకాయ. ఘోరంగా వచ్చింది.”

నాకు నవ్వు వచ్చింది. నవ్వలేదు. విచారణ పూర్తికాలేదు.

ఆమె ఉన్నది ఒతారు అనే ఊరు. సముద్రం పక్కన కొండవాలు మీద ఇళ్ళు. పొద్దున ఆరున్నరకు లేవాలి. ప్రార్థన, చదువు, జపాన్ భాష పాఠం. ఎండాకాలం సైకిళ్ళ మీద, శీతాకాలం కాలినడకన ఇంటింటికీ తిరగాలి. శనివారాలు ఉచితంగా ఇంగ్లీషు చెప్పాలి. జంటగా ఉన్న అమ్మాయిది టోంగా దీవి. అంతకు మునుపు మంచు చూసి ఎరుగదట. ఇద్దరూ పట్టుకుని జారి పడేవారట.

“మా వాలు చివర ఓనో గారని ఒక ముసలావిడ. నీకంటే పెద్దది. మొదటి రోజే చెప్పేసింది. మీ దేవుడు నాకొద్దు, మెట్ల మీద మంచు తీస్తారా అని.”

“తీశారా?”

“మంచు పడ్డ రోజల్లా.”

“ఆ తర్వాత మీ మత పుస్తకం చేతిలో పెట్టారు.”

“లేదు. ఆమె వద్దంది కదా.”

“మరి ఎందుకు తీశారు?”

మధు నావైపు విచిత్రంగా చూసింది. “మంచుంది కదా నానమ్మా.”

ఇంకో కాడ అందుకున్నాను. వేరే దారిన వచ్చాను.

“మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేస్తావు గదా. వినేవాడున్నాడా?”

“చాలాసార్లు ఎవరూ వినడం లేదనిపించేది.”

“అప్పుడేం చేసేదానివి?”

“పొద్దున లేచి షూస్ వేసుకునేదాన్ని.”

గోంగూర ఆకు బుట్టలో వేసి, కాడలు పక్కకు తోశాను. నాకా మతం నచ్చలేదు, నచ్చదు. కానీ ఆ ఏడాదిన్నర పిల్లచేష్ట కాదని, ఒక మనిషి తన ఒంటితో, మోకాళ్ళతో చేసిన పని అని ఆ మధ్యాహ్నం నిర్ణయించుకున్నాను. దాన్ని చెరిపే హక్కు కన్నవారికీ లేదు.

*

జూలైలో సమితి అధ్యక్షులు డాక్టర్ సీతారామారావు గారు, కార్యదర్శి వంశీధర్ మా ఇంటికి భోజనానికి వచ్చారు.

“ఏమ్మా, జపాన్ ఎలా ఉంది? బుల్లెట్ ట్రైన్ ఎక్కావా?” అన్నారు డాక్టరుగారు.

మధు నోరు తెరిచేలోగా విద్య అందుకున్నది. “ఎక్కడండీ, పొద్దస్తమానం ల్యాబే. పప్పుచారు దొరక్క ఉల్లికారం పెట్టుకుని తినేది పాపం. మీరింకో గారె వేసుకోండి.”

“రోబోలకు కూడా మన గారెలు నేర్పాల్సింది!” అని వంశీధర్ నవ్వి, “అన్నట్టు కోదండరామ్ గారూ, ఈసారి యానివర్సరీలో మన పిల్లల్లో అచీవర్‌కి సన్మానం అనుకున్నాం. అందరూ మధుమిత పేరే చెప్పారు. శాలువా, మెమెంటో. అదే స్టేజి మీద మీ కమిటీ అనౌన్స్‌మెంట్. తండ్రీకూతుళ్ళు ఒకేసారి. ఫొటో అదిరిపోతుంది” అన్నాడు.

నా కొడుకు మొహంలో సంతోషం, భయం ఒకదాన్నొకటి తరుముకున్నాయి.

అతిథులు వెళ్ళాక మధు నిలబడే అన్నది. “డాడ్, ఐ కాంట్ డూ దిస్. ఇట్స్ ఎ లై.”

“ఒక్క సాయంత్రం. వచ్చి నిలబడితే చాలు. నిన్నేం మాట్లాడమన్నం?”

విద్య కూతురి రెండు చేతులూ పట్టుకున్నది. “నాన్న కోసం, మధూ. పదిహేనేళ్ళ నుంచి ఆ గుడి కోసం తిరుగుతున్నారు. నీకు నీ దేవుడుంటే ఆయనకు ఆయన దేవుడు ఉండొద్దా?” అని ఏడ్చింది. ఆ కన్నీళ్ళు నటన కాదు. అందుకే అవి ఎక్కువ అన్యాయం.

మధు ఇంగ్లీషులో మాట ఇచ్చింది. ఎవరైనా అడిగితే నిజమే చెబుతాను. ఎవరూ అడగకపోతే నోరెత్తను. ప్రామిస్.

“ఎవరూ అడగరు” అన్నాడు నా కొడుకు.

వాడన్నది నిజం. ఆ వేసవి అంతా గమనించాను. తిండి గురించి అడిగారు, రైళ్ళ గురించి అడిగారు, పూలు చూశావా, భూకంపం వచ్చిందా అని అడిగారు. అక్కడ నువ్వేం చేశావమ్మా అని ఒక్కరూ అడగలేదు. జవాబు తమకు తెలుసుననుకున్నవారు ప్రశ్న వేయరు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పక తప్పదు. మధుకు పదేళ్ళున్నప్పుడు, ఇదే ఇంట్లో, అతిథులు నిండుగా ఉన్న ఒక మధ్యాహ్నం స్టవ్ మీద గిన్నె మాడి, వంటిల్లు పొగతో నిండి, అలారం మోగి ఫైరింజను గుమ్మం ముందుకు వచ్చింది. అప్పటికి అరగంట ముందు నేను పాలు కాచాను. అందరి ఎదుటా నా కొడుకు, “అమ్మకు మతిమరుపు మొదలైంది. ఇక స్టవ్ దగ్గరికి పంపొద్దు” అన్నాడు. వృద్ధాశ్రమాల గురించి విద్య ఎవరినో అడగడం కూడా విన్నాను. నేను కాదనలేకపోయాను. స్టవ్ ఆపానా, లేదా? నాకే అనుమానం వచ్చింది. ఆ అనుమానం కన్న భయంకరమైనది ముసలితనంలో మరొకటి లేదు.

అప్పుడు మధు కుర్చీ ఎక్కి నిలబడింది. “నానమ్మ కాదు. నేను. పాప్‌కార్న్ పెట్టి మర్చిపోయాను.”

ఆమెను ఎవరూ అడగలేదు. అనుమానించినవారు కూడా లేరు. ఆ వేసవిలో వెళ్ళవలసిన స్కేటింగ్ క్యాంపు శిక్షగా పోయింది. నా మతి మాత్రం నాకు దక్కింది. ఆ బాకీ అప్పటినుంచి నా మీద ఉన్నది.

*

వార్షికోత్సవం ఒక హైస్కూలు ఆడిటోరియంలో జరిగింది. ముందు వరుసలో నా కొడుకు పట్టు లాల్చీలో, పక్కన విద్య, ఆ పక్కన నేను. వేదిక మీద మధు ఆకుపచ్చ లంగాఓణీలో నిలబడి ఉన్నది. వెనక తెర మీద ఆమె ఫొటో, మెడ దాకా, చెర్రీ పూలతో.

“జపాన్ దేశంలో రోబోటిక్స్ రంగంలో మన తెలుగు కీర్తిపతాకను ఎగరేసిన...” అంటూ వంశీధర్ మైకులో సాగదీశాడు. చివరకు, “శాలువాతో సత్కరించవలసిందిగా మన సమితిలో పెద్దవారు, మధుమిత నానమ్మగారు, సరోజన గారిని వేదిక మీదకు ఆహ్వానిస్తున్నాం” అన్నాడు.

మా సమితి పద్ధతి అది. పిల్లల సన్మానమైతే ఇంటి పెద్ద చేత కప్పిస్తారు.

మెట్లెక్కాను. కళ్ళద్దాల పెట్టె తెరిచి అద్దాలు పెట్టుకున్నాను. వంశీధర్ శాలువా నా చేతులమీద పరిచి, మైకు నా నోటి దగ్గర పెట్టాడు.

“ఆశీర్వదిస్తూ రెండు మాటలు, ఆంటీ.”

“మధూ, జపాన్‌లో నువ్వేం చేశావు?” అన్నాను.

హాలులో వెనక ఎక్కడో ప్లేట్లు సర్దుతున్న చప్పుడు వినపడింది. మధు తల్లివైపు చూసింది. విద్య తల అడ్డంగా ఊపుతున్నది. మధు మళ్ళీ నావైపు చూసింది.

“అడుగుతున్నావా నానమ్మా?”

“అడుగుతున్నాను.”

మైకు ఆమెవైపు జరిపాను. తెలుగులోనే చెప్పింది, మాట మాటకూ వెతుక్కుంటూ. “నేను రోబోటిక్స్ చేయలేదు. మోర్మన్ చర్చి మిషనరీగా వెళ్ళాను. ఇంటింటికీ తిరిగాను. చాలామంది వద్దన్నారు. ఇంగ్లీష్ నేర్పాను. మంచు తీశాను. అంతే.”

“నాకు ఆ మతం నచ్చదు. ఆ సంగతి ఈమెకు తెలుసు” అన్నాను. “కానీ చేసిన పని అది. ఈ శాలువా చేసిన పనికే కప్పుతున్నాను.”

కప్పాను. పెట్టె అడుగునుంచి బ్యాడ్జి తీసి ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాను. వెనక వరుసల్లో ఎవరో రెండు చప్పట్లు కొట్టి, తోడెవరూ రాకపోయేసరికి ఆపేశారు.

“నెక్స్ట్ ఐటమ్ కూచిపూడి” అన్నాడు వంశీధర్. నేను దిగుతుంటే మెట్లమీద గజ్జెల పిల్లలు పక్కకు జరిగారు.

*

కమిటీ అధ్యక్ష పదవి ఆ సాయంత్రం ప్రకటించలేదు. వారం తిరిగాక వేరొకరికి ఇచ్చారు. నా కొడుకు నాతో అన్నది ఒకే మాట. “పరువు తీసినవమ్మా.”

“ఒక ప్రశ్న అడిగాను, రామూ.”

సెప్టెంబరులో మధు యూనివర్సిటీ దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని చదువు మళ్ళీ మొదలుపెట్టింది. ఇల్లు విడిచిపొమ్మని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు. ఆదివారం చర్చి అయ్యాక నన్ను చూడటానికి వచ్చేది. ఆమె వచ్చే వేళకు తల్లిదండ్రులకు బజారులో పని ఉండేది. అయినా ఆమె ఇప్పుడు ఎవరింటికైనా తన పేరుతో, తన ఏడాదిన్నరతో వెళ్ళగలదు. ఒక విద్యార్థి సంఘంవాళ్ళు జపాన్ గురించి మాట్లాడమని పిలిచారట. వెళ్ళి మంచు గురించి, మూసుకున్న తలుపుల గురించి చెప్పిందట.

మా ఇంటికి రావడం మానేసినవాళ్ళు మెల్లగా మళ్ళీ రాసాగారు. వచ్చినవాళ్ళ తీరు మాత్రం మారింది. అరటిపళ్ళు తెచ్చి నా ఒళ్ళో పెట్టేవారు. ఒక్కొక్క మాట విడదీసి, గట్టిగా, చెవిటిదానితో మాట్లాడినట్టు మాట్లాడేవారు.

“ఆంటీ! నేనెవరో గుర్తుపట్టారా?” అన్నాడు వంశీధర్.

“పట్టాను. ఫ్రిజ్ మీద నీ ఫొటో ఉన్న కేలెండరే వేలాడుతోంది” అన్నాను. అతను విద్యవైపు జాలిగా చూశాడు.

ఆ రాకపోకల అర్థం ఒకనాడు ఫోను మాటల్లో తెలిసింది. హాలులోంచి విద్య గొంతు స్పష్టంగా వినపడింది. “అవునండీ, అత్తయ్యకు మతిమరుపు పోయినేడు నుంచే ఉంది. ఎక్కడేం మాట్లాడాలో తెలియట్లేదు. పాపం ఆవిడ తప్పేం లేదు, జబ్బు. డాక్టర్‌కి చూపిస్తున్నాం.”

ఏ డాక్టరుకూ చూపించలేదు. ఆ అవసరమూ లేదు. కూతురి సంగతి దాచలేకపోయారు కనుక, దాన్ని బయటపెట్టిన నోటికి ఒక జబ్బు తగిలించారు. నిజం పిచ్చిదాని నోటినుంచి వచ్చిందంటే వాళ్ళ పరువు కొంత నిలుస్తుంది.

తరువాతి ఆదివారం మధు వచ్చి వంటింట్లోకి నడిచి ఆగిపోయింది. స్టవ్ వెలిగించే మరల మీద తెల్లటి ప్లాస్టిక్ మూతలు బిగించి ఉన్నాయి. చంటిపిల్లలున్న ఇళ్ళల్లో పెట్టే రకం.

“ఏంటివి? ఎవరు పెట్టారు?”

“మీ నాన్న.”

“ఎందుకు?”

చెప్పాను. దాచవలసినది ఏమీ లేదు. ఆమె మొహం ఎర్రబడింది. ఫోను చేతిలోకి తీసుకున్నది.

“నేను చెప్తా. అందరికీ కాల్ చేసి చెప్తా. నీకేం కాలేదని. దిస్ ఈజ్ సో అన్‌ఫేర్! నా వల్లే కదా నానమ్మా ఇదంతా?”

“ఫోను కింద పెట్టు.”

“ఎందుకు పెట్టాలి?”

“పదేళ్ళప్పుడు కుర్చీ ఎక్కి నువ్వు నాకు ఇచ్చింది ఇదే. నాకు మతి సరిగ్గానే ఉందన్న మాట. ఇన్నాళ్ళు వాడుకున్నాను. ఆ రోజు స్టేజి మీద మొత్తం తిరిగి ఇచ్చేశాను.”

ఆమెకు గుర్తుకు రావడానికి కొంతసేపు పట్టింది. “పాప్‌కార్నా?” అన్నది.

“నా మీద ఏమీ మిగల్లేదు మధూ. నీ మీదా లేదు. ఎవరికీ ఏమీ చెప్పకు. చెబితే మళ్ళీ నీకు బాకీపడతాను. తీర్చే వ్యవధి ఇక నాకు లేదు.”

ఆమె ఫోను బల్లమీద బోర్లించింది. నా వేళ్ళకు ఆ ప్లాస్టిక్ మూత పట్టు చిక్కడం లేదు. ముందరి మరమీది మూతను మధు నొక్కి, తిప్పి, ఊడదీసింది. బార్లీ గింజలు వేసిన గిన్నెలో నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టాను. కాగేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. దించాక మర నేనే ఆపాను. ఆపానని ఇంకొకసారి చూసుకోలేదు.